తూచని నక్షత్రం

ముద్రమ్మ పొద్దున్నే ఎవరితోనైనా ఓ మాట అనుకుంటే గానీ గడప దాటదు. ఆ రోజు వంతు పక్కింటాయనది. మెట్ల కింద సైకిల్ అడ్డంగా పెట్టాడు. "ఇది మనుషులు నడిచే దారా, మీ సైకిల్‌కి పడకగదా?" అని అరిచి, ఆయన తలుపు తీసేలోపే వీధి మలుపు తిరిగేసింది. భుజాన జోడీ పెట్టె, చేతిసంచీలో ముద్ర, సిరాదిమ్మ, తనిఖీ పుస్తకం. ఆ వారంలో ఇరవై రెండు పొయ్యిలు చూడాలి. అదీ ఎండ ఉండగానే చూడాలి. మబ్బు పట్టిందంటే ఆమె పని అంతటితో సరి.

ఆ ఊళ్లో పొయ్యిల్లో నక్షత్రాలు ఉండేవి. కొన్ని ఊళ్లలో బొగ్గు ఉంటుంది, కొన్ని ఊళ్లలో గ్యాసు ఉంటుంది, అక్కడ నక్షత్రాలు. అవి ఎక్కడినుంచి వచ్చాయని ఎవరూ అడిగేవాళ్లు కాదు. కుళాయి తిప్పినప్పుడల్లా నీళ్లు ఎక్కడివని మనం అడుగుతున్నామా ఏంటి? ఏడాదికోసారి ఒక మనిషి వచ్చి, ఇది ఫలానా రకం, దీన్ని ఇన్నాళ్లు నమ్మొచ్చు అని పొయ్యి నుదుటి మీద ముద్ర వేసి వెళ్తే చాలు, జనం నిశ్చింతగా పని చేసుకునేవాళ్లు. ఆ మనిషి మొన్నటిదాకా మాస్టారు. ఆయన చూపు మందగించాక ఆయన దగ్గర పన్నెండేళ్లు పని నేర్చుకున్న ముద్రమ్మ. ఉద్యోగంలో ఇది ఆమెకి మొదటి ఏడాది. అందుకే కాస్త గొంతు పెద్దది చేసుకుని తిరుగుతోంది, లోపల భయం పైకి కనబడకుండా.

జోడీ పెట్టెలో వింతేమీ లేదు. చిన్న చెక్కపెట్టె, అటో కన్నం, ఇటో కన్నం, మధ్యలో తెల్ల అట్ట. ఒక కన్నం ఆకాశంలో సూర్యుడి వైపు తిప్పాలి, రెండోది పొయ్యి గోడకున్న చూపు కన్నానికి ఆనించాలి. అట్ట మీద సగం సూర్యుడి వెలుగు పడుతుంది, సగం నక్షత్రం వెలుగు. రెండూ పక్కపక్కన పెడితే తేడా చిన్నపిల్లలకి కూడా తెలిసిపోతుంది. ఎర్రగా ఉందంటే సూర్యుడికంటే చల్లనిది. నీలంగా ఉందంటే సూర్యుణ్ణి మించి మండేది. కొత్తగా వచ్చినవాళ్లు దీన్ని తిరగేసి అనుకుంటారు, ఎరుపంటే మంట కదా అని. అలా అనుకుని నీలం నక్షత్రం దగ్గర చొక్కా చేతులు మడిచినవాడు మళ్లీ ఆ పొరపాటు చెయ్యడు.

ఊళ్లో పదింట్లో ఏడెనిమిది పొయ్యిల్లో ఉన్నవి ఎర్రవే. బఠాణీ గింజంత ఉంటాయి, పొదుపుగా మిణుకుమిణుకుమంటాయి. ఇస్త్రీ కొట్టులో ఒకటి, చెప్పులు కుట్టేచోట జిగురు కాగడానికి ఒకటి. వాటిని ఎవరూ మెచ్చుకోరు. సూర్యరకం నాలుగో ఐదో ఉండేవి, నిమ్మకాయంత పరిమాణం, ఒక ఇటుక బరువు. ఎప్పుడు తూచినా ఒకటే ఇటుక. మూడు వేల ఏళ్లు ఉంటాయని పుస్తకంలో రాసి ఉంది, ఎవరు చూడొచ్చారు కనుక! ఇక నీలం నక్షత్రం ఊరంతటికీ ఒక్కటే. అది ముద్రమ్మ అన్నయ్య గాజు బట్టీలో ఉంది.

అన్నయ్యంటే ఆమెకి ఉత్త అన్నయ్యే కాదు. అమ్మా నాన్నా పోయేనాటికి ఆమెకి ఆరేళ్లు, ఆయనకి పదహారు. జడ వెయ్యడం చేతకాక, గాజు ముద్దని మెలిపెట్టినట్టే ఆమె జుట్టునీ మెలిపెట్టి బడికి పంపేవాడు. ఇప్పుడామెకి ముప్ఫై ఆరు. ఊరంతా ముద్రమ్మ అని బెదిరిపోతుంటే, ఆయన మాత్రం నలుగురి ముందూ "చిట్టీ" అనే పిలుస్తాడు. ఆ పిలుపు వింటే ఆమె గొంతులో పెద్దరికం అంతా ఎటో పోతుంది.

బట్టీకి ఆమె వెళ్లేసరికి నడినెత్తిన ఎండ. షెడ్డులో అన్నయ్యతో కలిపి ఏడుగురు పని చేస్తున్నారు. పొడుగాయన గొట్టం చివర గాజు బుడగని ఊదుతున్నాడు, మిగతావాళ్లు అచ్చుల దగ్గర ఉన్నారు. ఆసుపత్రికి మందు సీసాలు, పాతికవేలు, నెలాఖరుకి కావాలి. అన్నయ్య నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"రా చిట్టీ, రా. నీకో విచిత్రం చూపిస్తా. మన నీలపోడు బుద్ధిమంతుడైపోయాడు."

"నీలపోడు బుద్ధిమంతుడవడం ఏంటి?"

"నువ్వే చూడు. రంగు మారింది. పది రోజులైంది, నీలం విరిగి తెల్లబడి, ఇప్పుడు చక్కగా మన సూర్యుడిలా ఉంది. వయసొచ్చాక మనుషులకి కోపం తగ్గదూ, అలాగే."

ఆమె పెట్టెని చూపు కన్నానికి ఆనించి, రెండో కన్నాన్ని కిటికీలోంచి పడే ఎండకి తిప్పింది. లోపలికి తొంగి చూసి అలాగే నిలబడిపోయింది. అట్ట మీద రెండు సగాలు లేవు. గీత కూడా కనబడటం లేదు. పన్నెండేళ్లలో ఇంత చక్కటి జోడీ ఆమె చూడలేదు. రొట్టెల కొట్టులో అసలు సిసలు సూర్యరకానికి కూడా కళ్లు చికిలించి చూస్తే గీత సన్నగా తెలుస్తుంది. చెప్పొద్దూ, ఆమెకి ఎంత సంతోషమేసిందంటే కళ్లు చెమ్మగిల్లాయి. రెండేళ్ల కింద అన్నయ్య ఏదో మూతపడ్డ ఇనుప కర్మాగారం నుంచి ఈ నీలం నక్షత్రాన్ని తెచ్చినప్పటినుంచీ ఆమెకి లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. అప్పుడు మాస్టారు తూచి, పుస్తకంలో 'నీలం, ఇరవై ఇటుకలు' అని రాసి, పక్కన ఏమీ అనకుండా ముఖం చిట్లించారు. ఆ ముల్లు ఇవాళ్టితో పోయింది.

"మరి తూచాలి," అంది పుస్తకం తెరుస్తూ. "రంగు మారిన నక్షత్రాన్ని తూచాలని రూలు."

అన్నయ్య ముఖం పాలిపోయింది. "ఇప్పుడా? తూచాలంటే పొయ్యి రెండు రోజులు చల్లార్చాలి, గోడ విప్పాలి, గొలుసులు కట్టి పైకి తియ్యాలి. నాలుగు కుండల్లో కరిగిన గాజు ఉంది చిట్టీ. చల్లారితే గడ్డకట్టి నాలుగు కుండలూ పగిలిపోతాయి. మళ్లీ కుండలు చేసి, ఆరబెట్టి, కాల్చి... మూణ్ణెల్లు. ఆసుపత్రివాళ్లకి ఏం చెప్పను?"

"రూలు కదా అన్నయ్యా."

"నేను కాదన్నానా? నీ ఇష్టం. కానీ ఒక్కటాలోచించు. రెండేళ్లు రాత్రీ పగలూ మండింది. కట్టె కాలితే తేలికవదూ? ఇరవై ఇటుకలూ కాలి కాలి ఒకటైంది, అందుకే సూర్యుడిలా తయారైంది. ఇంకేం తూస్తావు?"

మాట సబబుగానే అనిపించింది. అనిపించాలని ఆమెకే ఉంది, అదీ అసలు సంగతి. పొడుగాయన గొట్టం తిప్పుతూనే చెవి ఇటు వేశాడు. షెడ్డంతా ఆమె నోటివైపు చూస్తోంది. ముద్రమ్మ పుస్తకంలో రకం దగ్గర 'సూర్యరకం' అని రాసింది. బరువు దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది. సూర్యరకం బరువెప్పుడూ ఒకటేగా! 'ఒక ఇటుక' అని రాసేసింది. సిరాదిమ్మ మీద ముద్ర అద్ది, పొయ్యి నుదుటి మీద గట్టిగా కొట్టింది. పదేళ్ల ముద్ర.

"మా చెల్లెలు బంగారం రా," అన్నాడు అన్నయ్య అందరితోనూ. తలుపు దగ్గర అన్నం క్యారేజీతో అప్పుడే వచ్చిన వదిన కూడా ఆ ముద్రని చూసి, "అమ్మయ్య, ఇక నాకు కంటినిండా నిద్ర," అంది.

మూడో రోజు బట్టలుతికే ఆవిడ వీధిలో ముద్రమ్మని నిలదీసింది. బట్టీ పక్కనే ఆమె దండేలు కట్టుకుంటుంది.

"మీ అన్నకి చెప్పమ్మా. తెల్ల దుప్పట్లు ఆరేస్తే సాయంత్రానికి బూడిద రంగు. ఏం కాలుస్తున్నారు లోపల?"

"నక్షత్రానికి బూడిదుండదు కదా పెద్దమ్మా."

"ఉండదని నాకూ తెలుసు. మరిదేంటి?" అని ఆమె అరచెయ్యి చూపించింది. సన్నటి మసి, చెయ్యి దులిపినా పోనిది. పొయ్యి లోపలినుంచి ఏదో పొరలు పొరలుగా రాలి, పొగగొట్టంలోంచి బయటికొస్తోంది. ముద్రమ్మ ఆ చేతివైపు చూసి, పొగగొట్టం తుడిపించుకోలేదేమోలే అనేసి కదిలింది. ఆ మధ్యాహ్నమంతా మాత్రం ఎక్కడ కూర్చున్నా కుదురు లేదు. ఇస్త్రీ కొట్టులో ముద్ర తలకిందులుగా వేసి, నవ్వులపాలైంది కూడా.

ఆరో రోజు రొట్టెల కొట్టు వంతు. రొట్టెలక్క మనిషి నిండుగా ఉంటుంది, మాట ఇంకా నిండుగా ఉంటుంది. పొయ్యి తలుపు బార్లా తెరిచి, నిమ్మకాయంత నక్షత్రం మీద పెద్ద రేకు చేట అడ్డంపెట్టి, పిండి ముద్దలు లోపలికి తోస్తోంది.

"తల్లీ, నిన్నోమాట అడగాలనుకుంటున్నా. మొన్న జాడీల కోసం మీ అన్న దగ్గరికెళ్లా. కుండ మార్చడానికి గోడలో రెండిటుకలు తీశారు, లోపలిది కనబడింది. నువ్వు దాన్ని సూర్యరకం అన్నావటగా?"

"ఔను."

"మరి మాది నిమ్మకాయంతేగా. అది ఈ..." అని రొట్టెలక్క పిండి చేతులు రెండూ బారచాపి, చాలక ఇంకాస్త చాపి, "గుమ్మడికాయంత ఉంది. చిన్న గుమ్మడికాయ కూడా కాదు. రెండూ ఒక్క రకమేనా? లేక మాది తిండి చాలక ఎండిపోయిందా?" అని పకపకా నవ్వింది.

చూపు కన్నంలోంచి రంగే తెలుస్తుంది, పరిమాణం తెలియదు. ఒక్కసారి గోడ ఇటుక తీయించి చూస్తే సరిపోయేది. ముద్రమ్మ జోడీ పెట్టె అక్కడే బల్ల మీద వదిలేసి, మాస్టారి ఇంటివైపు పరుగెత్తింది. వెనక రొట్టెలక్క, "ఏమైందే? మాదానికేమైనా జబ్బా?" అని అరుస్తూనే ఉంది.

మాస్టారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. పక్కన స్టూలు మీద ఆయన దీపం. గాజు చిమ్నీలో ఎర్ర బఠాణీ గింజ. పగలయినా దాన్ని ఆర్పరు, ఆరదు కూడా. ఆమె ఆయాసపడుతూ అంతా చెప్పింది. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. ఆఖరికి ఒక్కటే అడిగారు.

"ఎంత తూగింది?"

ఆమె పుస్తకమున్న సంచీని ఒళ్లోకి లాక్కుంది.

"నిన్నే. ఎంత తూగిందీ?"

"తూచలేదు మాస్టారూ."

ఆయన తిడతారేమో అనుకుంది. తిట్టినా బాగుండేది. ఆయన చేత్తో తడుముతూ దీపాన్ని దగ్గరికి జరుపుకున్నారు, అంతే.

"కాలి తేలికైందని..." అంది ఆమె.

"నక్షత్రం కట్టె కాదమ్మా. ఎంత మండినా బరువు పెద్దగా తగ్గదు. పైపైన కాస్త మసి రాలుస్తుంది. బరువే దాని జాతకం. ఇదిగో, ఇది అరపావు ఇటుక లేదు, మా తాత తాతకి ముందునుంచీ వెలుగుతోంది, దీనికింకా బాల్యమే. సూర్యుడు ఒక ఇటుక, తాపీగా మండుతాడు, ఆఖర్న ఒకసారి ఉబ్బి, తెల్లటి నిప్పుకణికై చల్లారిపోతాడు. ఇరవై ఇటుకలది వీటికి దాయాది కూడా కాదు. ఇరవై రెట్లు బరువు, వేలరెట్లు ఆబగా తింటుంది. మూడేళ్లకి మొత్తం అయిపోతుంది."

"మరి సూర్యుడి రంగు..."

"నీలం నుంచి ఎరుపుకి వెళ్తోంది. మధ్యలో పసుపు తగుల్తుంది కదా! పట్టుమని పది రోజులుండదు ఆ రంగు. నువ్వు సరిగ్గా ఆ పది రోజుల్లోనే వెళ్లావు. అది సూర్యుడైపోలేదమ్మా. సూర్యుడి రంగులోంచి నడిచి వెళ్లిపోతోంది."

"ఎరుపయ్యాక?"

"పేలుతుంది. ఊరికి వినబడుతుంది." మాస్టారు కుర్చీలో ముందుకు వంగారు. "పేలకపోతేనే నాకు ఎక్కువ భయం. చప్పుడు చెయ్యకుండా తనలోకి తను కూలిపోయేవి కొన్నుంటాయి. వాటి పక్కన కాలం కూడా ఇంచుమించు ఆగిపోతుంది. వాటి దగ్గరికి వెళ్లినవాళ్లు చచ్చిపోయారని చెప్పలేం, ఉన్నారనీ చెప్పలేం. ఇంకా ఇక్కడ కూర్చున్నావేం? పరుగెత్తు!"

ఆమె పరుగెత్తింది. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది, వెనక్కి చూడలేదు. బజారులో జనం, "ముద్రమ్మా, ఏంటా పరుగు?" అంటున్నా ఆగలేదు. అన్నయ్య ఉండాలి, అన్నయ్య ఒక్కడుంటే చాలు, కుండలు పగిలితే పగలనీ, నా ఉద్యోగం పోతే పోనీ, అని అదే గొణుక్కుంటూ పోయింది.

బట్టీ వీధిలో అడుగుపెట్టగానే ఎండ రంగు మారింది. మిట్టమధ్యాహ్నం షెడ్డు కిటికీలన్నీ ఎర్రగా ఉన్నాయి. లోపల పొయ్యి గోడ పొట్టలా ముందుకు ఉబ్బి, ఇటుకల సందుల్లోంచి ఎర్రటి వెలుగు కారుతోంది. ఆ ఉబ్బు ఊపిరి తీసినట్టు మెల్లగా పెరిగి, మెల్లగా తగ్గుతోంది. దాని నుదుటి మీద ఆమె ముద్ర నెర్రెలిచ్చింది. అంతటిలోనూ ఏడుగురూ నిమ్మకు నీరెత్తినట్టు సీసాలు ఊదుకుంటున్నారు. గాలిలో మసి పలచగా తేలుతోంది.

"బయటికి! అందరూ బయటికి పొండి!"

గొట్టాలు ఆగలేదు. పనివాళ్లు అన్నయ్య వైపు చూశారు. అన్నయ్య పొయ్యి మూతి దగ్గర నిలబడి, గొట్టం చివర కరిగిన గాజు ముద్ద తీసి, అప్పుడే తిప్పడం మొదలుపెట్టాడు.

"ఏంటే చిట్టీ, ఆ కేకలు? ఎరుపెక్కింది, అంతేగా. ఎరుపంటే ఇంకా చల్లబడ్డట్టు. ఇస్త్రీ కొట్టు రకం అయిపోతుందేమోనని నేనే దిగులు పడుతున్నా."

"అది చల్లబడటం కాదు అన్నయ్యా, అయిపోవడం. బఠాణీ ఎరుపు వేరు, ఈ ఎరుపు వేరు. నీకు దణ్ణం పెడతా, బయటికి రా."

"పదేళ్ల ముద్ర వేసింది నువ్వే కదా. అదుగో, నీ ముద్రే," అన్నాడు పొడుగాయన. వెక్కిరింపుగా అనలేదు పాపం, నిజంగానే అర్థంకాక అన్నాడు.

ముద్రమ్మ షెడ్డు మధ్యలో నిలబడింది. ఊరంతా తన ముద్రని నమ్మి పొయ్యి ముందు పిల్లల్ని పడుకోబెడుతుంది. ముద్ర తప్పన్న మాట నోటివెంట వచ్చిందంటే ఇక ఎవరూ నమ్మరు. తెలుసు.

"అది తప్పు ముద్ర," అంది గట్టిగా. "నేను తూచకుండా వేశాను. తూచానని పుస్తకంలో అబద్ధం రాశాను. మీ ప్రాణాల మీదికి తెచ్చాను. నన్ను తర్వాత తిట్టుకోండి, ముందు బయటికి పొండి!"

పొడుగాయన ముందు గొట్టం కింద పడేశాడు. గాజు ఫెళ్లుమని పగిలింది. ఆ చప్పుడుకి మిగతావాళ్లు కదిలారు. తోసుకుంటూ, ఒకరి కాలు ఒకరు తొక్కుకుంటూ, ఆరుగురూ వీధిలో పడ్డారు. అన్నయ్య మాత్రం గొట్టం తిప్పుతూనే ఉన్నాడు. తీసిన గాజు ముద్దని నేల పడెయ్యడం ఆ పనిలో పుట్టిపెరిగినవాడికి చేతకాదు. తిప్పడం ఆపితే కారిపోతుంది, పడేస్తే పగులుతుంది, అచ్చులో పెట్టి ఒక్క ఊపిరి ఊదితే సీసా అవుతుంది. ముప్ఫై ఏళ్లుగా ఆయన చేతులకి తెలిసింది అదొక్కటే. మొదటి రోజు పనికెళ్లినప్పుడు ముద్ద పడేసినందుకు దెబ్బలు కూడా తిన్నాడు.

"అన్నయ్యా!"

"ఒక్క నిమిషమే. ఇది అచ్చులో పెట్టేసి వస్తా. నువ్వు పద."

"పడెయ్ దాన్ని!"

"అరవకే, చెయ్యి వణుకుతోంది," అని నవ్వాడు. ఆమె గుమ్మం దగ్గర నిలబడి, "నువ్వు రాకపోతే నేనూ రాను," అంది. ఆ మాటకి ఆయన తల తిప్పి చూశాడు. చెల్లెలు నిజంగానే కదలదని అర్థమైంది. ముఖంలో నవ్వు పోయింది. వస్తున్నానే అనడానికి నోరు తెరిచాడు.

నక్షత్రం ఆరిపోయింది.

చప్పుడు లేదు. ఊరు ఏమీ వినలేదు. పొయ్యి గోడ లోపలికి ముడుచుకుని, ఆవగింజంత నలుపులో కలిసిపోయింది. గోడకి వేలాడే గొట్టాలన్నీ అటువైపు వంగాయి. ముద్రమ్మ జడ ముందుకి లేచింది. గుమ్మం రెండు చేతులా పట్టుకుని ఉండబట్టి నిలిచింది. వీధిలోంచి పొడుగాయన ఆమె నడుం పట్టుకుని బయటికి లాగేశాడు. ఆమె గింజుకుంది, కొరికింది, ఆయన వదల్లేదు.

అన్నయ్య అక్కడే ఉన్నాడు. పొయ్యి మూతి ఉండాల్సిన చోటికి రెండడుగుల దూరంలో, గొట్టం చేత్తో పట్టుకుని, ముఖం గుమ్మంవైపు తిప్పి, నోరు తెరిచి ఉన్నాడు. చెక్కుచెదరలేదు. గొట్టం చివర గాజు ముద్ద ఇంకా ఎర్రగానే ఉంది, ఇంకా కారిపోలేదు. గంటసేపు చూస్తే గొట్టం కాస్త తిరిగినట్టు తెలిసింది.

వదిన సాయంత్రం వచ్చింది. ఎవరు చెప్పారో చెప్పారు. గుమ్మం ముందు సుద్దతో గీసిన గీత దాటబోతే నలుగురు పట్టుకున్నారు. ఆయన్ని చాలాసేపు చూసింది. తర్వాత ముద్రమ్మ వైపు తిరిగి, "నీ ముద్ర చూసే కదా నేను నిద్రపోయాను," అంది. ఆ తర్వాత మూడేళ్లు ఆమెతో మాట్లాడలేదు. ముద్రమ్మకి ఆ మౌనం అన్యాయమని ఒక్కరోజూ అనిపించలేదు.

ఉద్యోగం పోతుందనుకుంది, పోలేదు. తప్పు ఒప్పుకున్న మనిషి ముద్రే నయం అన్నారు ఊరివాళ్లు. అప్పటినుంచీ ఆమె త్రాసు లేకుండా ఏ పొయ్యి దగ్గరికీ వెళ్లలేదు. కుండలు పగుల్తాయన్నా, పెళ్లి రొట్టెలు ఆగిపోతాయన్నా, పొయ్యి చల్లార్చాల్సిందే, తూచాల్సిందే. ఎవరూ ఎదురుచెప్పలేదు. పని అయ్యాక షెడ్డు గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చునేది. జనం అటుగా పోతూ, "మీ అన్న బాగున్నాడా?" అని అడిగేవాళ్లు. "బాగున్నాడు. వస్తున్నాడు," అనేది.

నిజంగానే వస్తున్నాడు. ఆయన అనబోయిన మాటలో మొదటి అక్షరం రెండో ఏట మొదలైంది. చెవి ఒగ్గి వింటే సన్నటి హోరులా వినబడేది. ఐదో ఏట కూడా అదే అక్షరం. ఆయనకి క్షణం కూడా గడవలేదు. ఆమెకి మాత్రం చెంపలు నెరిశాయి. ఒకరోజు అద్దంలో చూసుకుంటూ వేళ్లు మడిచి, ఆయన వయసుకి తను వచ్చేసిందని గమనించి, తల దువ్వుకోకుండానే కూర్చుండిపోయింది. మరుసటేటికి అన్నయ్య ఆమెకంటే చిన్నవాడయ్యాడు. అయినా అన్నయ్యా అనే పిలిచింది.

ఆయన మీద వెలుగు మాత్రం ఏటికేడాది ఎర్రబడి తగ్గిపోతూ వచ్చింది. మొదట చొక్కా రంగు పోయింది, తర్వాత చేతుల రంగు. ఇప్పుడు తేరిపార చూస్తే గానీ ముఖం తెలియడం లేదు. వదిన ఈమధ్య ముద్రమ్మ పక్కనే ఇంకో కుర్చీ వేసుకుంటోంది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. "ఇవాళ కాస్త స్పష్టంగా ఉన్నాడు," అంటుంది వదిన. ఉండడు. "ఔను వదినా," అంటుంది ముద్రమ్మ.

మాస్టారు పోయేముందు ఆమెని పిలిపించారు. ఆమె చాలా ఏళ్లుగా దాచుకున్న ప్రశ్న అడిగింది.

"ఆ మాట ఎప్పటికి పూర్తవుతుంది మాస్టారూ?"

"మన లెక్కలో చెప్పమంటావా? ఆ పైనున్న సూర్యుడు మండి, ఉబ్బి, కణికై, చల్లారి, నల్లబడి, అదంతా జనం మర్చిపోయాక కూడా ఇంకా సగంలో ఉంటుంది." ఆయన స్టూలు మీది దీపాన్ని ఆమెవైపు తోశారు. "అప్పటికి వెలుగుతూ ఉండేది ఏదైనా ఉందంటే ఇలాంటిదే. తీసుకెళ్లు. నాకెందుకింక?"

మర్నాడు పొద్దున్నే ముద్రమ్మ షెడ్డుకి వెళ్లింది. దారిలో ఎవరితోనూ పోట్లాడలేదు. వదిన చీపురుతో గుమ్మం ముందు ఊడ్చింది. పొడుగాయన, ఆయనా ముసలివాడయ్యాడు, గోడలో చిన్న గూడు తొలిచి ఇచ్చాడు. గీతకి ఇవతల, అన్నయ్య ముఖం ఎటు తిరిగి ఉందో సరిగ్గా అటు.

"ఇది పెడితే ఆయనకి కనిపిస్తుందా?" అంది వదిన.

"గాజు ముద్ద అచ్చులో పెట్టి, అడుగు ముందుకేసేటప్పటికి కనిపిస్తుంది వదినా. అప్పటికి ఇక్కడ మనం ఉండం. ఎండా ఉండదు. చీకట్లో గుమ్మం ఎటుందో తెలియక తడబడతాడని."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముద్రమ్మ చిమ్నీ తీసి, ఎర్ర బఠాణీ గింజని పట్టకారుతో జాగ్రత్తగా పైకెత్తింది. గూట్లో పెట్టబోయి ఆగింది. మాస్టారిచ్చినదే, ఆయన పుస్తకంలో బరువు రాసే ఉంది. అయినా సంచీలోంచి త్రాసు తీసి, నేలమీద చతికిలబడి, దాన్ని తూచింది. ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి చూసింది. తర్వాత మళ్లీ ఒకసారి తూచింది.